పేరు పెట్టకముందే

ఆ పట్టీ వేలెడు పొడవుంటుంది. తెల్ల ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో ‘బేబీ ఆఫ్’ అని రాసి, పక్కన తల్లి పేరు, కింద పుట్టిన తేదీ, వేళ, బరువు వేస్తారు. నెలలు నిండని పిల్లలకైతే అది మణికట్టు మీద నిలవదు, చీలమండకు రెండు చుట్లు చుడతారు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించేదాకా ఆ బిడ్డకు ఈ లోకంలో ఉన్న పేరు అదొక్కటే.

మన పెద్దవాళ్లు పేరు పెట్టడానికి అన్నాళ్లు ఎందుకు ఆగేవారో నాకొక అనుమానం. పురిటిగదిలో ఎందరు పిల్లలు దక్కకుండా పోయేవారో కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. దక్కుతాడో లేదో తేలకుండా పేరు పెట్టుకుని మమకారం పెంచుకోవడానికి జంకి ఉంటారు. ఆ జంకు ఇవాళ్టికీ పోలేదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 30 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఆ 30 మందిలో 20 మంది తొలి నెలలోనే పోయారు. ప్రపంచమంతా కలిపి చూసినా నెలలోపు పోయే పిల్లల్లో నలుగురికి ముగ్గురు మొదటి వారం దాటడం లేదు. బారసాలకు చుట్టాలను పిలిచేలోపే అంతా అయిపోతోంది.

మా అమ్మ తొలి కాన్పు 1974లో. విశాఖ మల్కాపురంలో ఉండేవాళ్లు. నాన్నకు పోర్టులో టగ్గు మీద పని. ఎనిమిదో నెలలో అమ్మకు కాళ్లు పొంగాయి, ముఖం ఉబ్బింది. తలపోటు, చూపు మసక. నీరు పట్టింది, మామూలేనన్నారు ఇరుగుపొరుగు. తీసుకెళ్లి చూపించిన చోటా అదే మాట. బీపీ చూసినవాళ్లు లేరు. నాలుగో నాటి తెల్లవారుజామున అమ్మ కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుర్రపువాతం. అమ్మ బతికింది. బిడ్డ లోపలే పోయింది. ఆడపిల్ల. తర్వాత మేమిద్దరం పుట్టాం. ఆ పిల్ల ఊసెత్తితే ఇంట్లో ఒకటే జవాబు: ‘రాసిపెట్టి ఉంది’.

ఇన్నేళ్లకు ఆ మాట నిజమేనని నాకూ అనిపిస్తోంది. కాకపోతే ఆ రాత పొంగిన కాళ్లలో ఉంది, ఉబ్బిన ముఖంలో ఉంది, ఎవరూ కట్టని బీపీ పట్టీలో ఉంది. చదివినవాళ్లు లేకపోయారు. పురిటి వేళ బిడ్డను పోగొట్టే ముప్పుల్లో చాలావరకు అలాంటివే. ముందే కనబడతాయి, ముందే రాసిపెట్టి కూడా ఉంటాయి.

కేజీహెచ్‌కి రాసీసినారు

విశాఖ పాతనగరంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని బోర్డు మీది పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఊరివాళ్లకు అది ఘోషాసుపత్రి. పరదా పాటించే స్త్రీల కోసం వెలిసింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అమ్మమ్మ, అమ్మ, కూతురు ముగ్గురూ అక్కడే పుట్టామని చెప్పే కుటుంబాలు పాతనగరంలో కనబడతాయి. కేసు చెయ్యి దాటుతోందంటే మాత్రం దారి కేజీహెచ్‌కే. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్ర మొత్తానికీ ఆఖరి మెట్టు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, పాడేరు నుంచీ, సరిహద్దు దాటి ఒడిశా వైపు నుంచీ వస్తారు. ‘కేజీహెచ్‌కి రాసీసినారు’ అని ఎవరైనా ఫోన్లో అన్నారంటే అవతల విన్నవాళ్ల గుండె జారుతుంది.

అలా రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చే తల్లి ఎక్కడ బయల్దేరింది, ఎప్పుడు బయల్దేరింది, దారిలో ఎన్ని చోట్ల ఆగింది అన్నవాటిలోనే బిడ్డ భవిష్యత్తు సగం తేలిపోతుంది. సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో దీన్ని మూడు ఆలస్యాలుగా విడదీసి చెప్పారు. వెళ్దామా వద్దా అని ఇంట్లో తేల్చుకోలేక పోయే కాలం ఒకటి. దారిలో పోయే కాలం ఒకటి. ఆసుపత్రి గుమ్మం తొక్కాక వైద్యం అందేలోపు పోయే కాలం ఇంకొకటి. వాళ్లు తల్లుల మరణాల గురించి రాశారు గానీ, బిడ్డలకు ఆ లెక్క ఇంకా ఖచ్చితంగా సరిపోతుంది. తల్లికి గంటల్లో ఉండే గడువు బిడ్డకు నిమిషాల్లో ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో ఏజెన్సీ నుంచి కేజీహెచ్‌కు తెచ్చిన రెండు వారాల బిడ్డ చనిపోతే, తల్లిదండ్రులు ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని స్కూటర్ మీద 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాడేరు దాకా వెళ్లారని పత్రికల్లో వచ్చింది. అంబులెన్సు దొరకలేదన్నది వాళ్ల మాట. ఏర్పాటు చేస్తుండగానే వెళ్లిపోయారన్నది అధికారుల మాట. రాష్ట్రమంతా ఆ తిరుగు ప్రయాణం గురించే మాట్లాడుకుంది. నా ఆలోచన మాత్రం మొదటి ప్రయాణం దగ్గర ఆగిపోయింది. జబ్బుపడిన పసిగుడ్డును ఘాట్ రోడ్డు మీదుగా కిందికి దించేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి ఇంకా కరువవుతుంది. బిడ్డను తల్లి గుండెలకు ఆనించి, దారిలో పాలు పిండి చుక్కచుక్కగా పట్టించి, ఆక్సిజన్ తెగకుండా తేగలిగితే ఆసుపత్రిలో డాక్టరు చేతికి బతికించదగ్గ బిడ్డ అందుతుంది. లేకపోతే చివరి ఘడియల బిడ్డ అందుతుంది. పెద్దాసుపత్రి మీద పడే నింద చాలాసార్లు ఆ దారిది కూడా.

ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చే ఫొటోలు వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో కనబడతాయి. రెండు కర్రలు, ఒక దుప్పటి, నలుగురు మగాళ్లు, మోకాలి లోతు వాగు. మోటారు సైకిల్‌కు తొట్టె తగిలించిన ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. నెలలు నిండేముందే గర్భిణులను తెచ్చి ఉంచే వసతి గృహాలు వచ్చాయి. రోడ్డు పడేలోపు ఈ వసతి గృహాన్ని మించిన ఉపాయం లేదు. నొప్పులు మొదలయ్యాక మోయడం కంటే మొదలుకాకముందే నడిపించి తేవడం వెయ్యి రెట్లు నయం.

డోలీ అడవిలోనే ఉందనుకోకండి. విశాఖ కొండల ఊరు. కొండవాలు మీద ఇంటి మీద ఇల్లు కట్టుకుపోయిన పేటల్లో పైవరస ఇంటికి ఆటో వెళ్లదు, అంబులెన్సు వెళ్లదు. మలుపు మలుపుకూ ఎత్తు మారే సిమెంటు మెట్లే దారి. అర్ధరాత్రి నొప్పులొస్తే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని దించుతారు. కిందికి చూస్తే పోర్టు దీపాలు. కిలోమీటరు దూరంలో ఆసుపత్రి. ఆ కిలోమీటరుకు ముప్పావు గంట.

మాత్రలు, మలం రంగు

గాజువాక వైపు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో నెల 9వ తేదీన కూర్చున్నాను. 2016 నుంచి దేశమంతటా ప్రతి నెలా 9న గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే రోజు. వరండాలో బెంచీలు నిండిపోయాయి. ఏఎన్ఎం బల్ల ముందుకు ఒక అమ్మాయి వచ్చి తల్లీబిడ్డల కార్డు పెట్టింది. నాలుగు మడతలు పడి, అంచులు చిరిగి, నూనె మరకతో ఉన్న కార్డు. చంకలో పదకొండు నెలల పిల్లాడు. కడుపులో ఆరో నెల.

“మాత్రలు ఏసుకుంతన్నావా?” అంది ఏఎన్ఎం కార్డులోంచి తలెత్తకుండానే.

“ఏసుకుంతన్నానండి.”

“దొడ్డికి నల్లగా అవుతాందా, మామూలుగానేనా?”

అమ్మాయి సిగ్గుపడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మామూలుగానేనండి.”

“అయితే ఏసుకోట్లేదన్నమాట.”

ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. ఎన్ని రిజిస్టర్లు నింపినా తేలని నిజం ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. వెనక నిలబడ్డ అత్తగారు అప్పుడు నోరు విప్పింది. ఆ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, బాగా తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని వాళ్ల పేటలో అంటారట. ఏఎన్ఎం కోప్పడలేదు. పక్కనే కుర్చీ లాగి కూర్చోబెట్టి, “అమ్మా, బిడ్డ రంగు మాత్రలోంచి రాదు. రక్తం మాత్రం వస్తాది. అన్నం తిన్నాక ఏసుకోమను, టీతో మాత్రం ఒద్దు” అంది. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. ఆ ముక్క చాలామంది చెప్పరు.

ఆ కార్డు నా చేతికిచ్చింది ఏఎన్ఎం. వయసు 19. ఎత్తు 142 సెంటీమీటర్లు. బరువు 41. హిమోగ్లోబిన్ 8.4. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య ఎడం ఏడాదైనా లేదు. విడివిడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు. కలిపి చదివితే ఒక కథ. రక్తం తక్కువైతే మాయకు అందే ఆక్సిజన్ తక్కువ, బిడ్డ ఎదుగుదల తక్కువ. పొట్టి తల్లికి కటి ఇరుకు కావచ్చు, కాన్పు మధ్యలో ఆగిపోవచ్చు. ఏడాది తిరక్కుండా మళ్లీ కడుపైతే తల్లి ఒంట్లో ఖాళీ అయిన నిల్వలు నిండవు, నెలలు నిండకుండానే నొప్పులొచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఈ పిల్ల ఒక్కతే కాదు. ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. 20–24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఆసుపత్రి కాన్పులు 96.5 శాతానికి చేరిన రాష్ట్రం మనది. ఆ గర్వం నాకూ ఉంది. కానీ ఆసుపత్రి గుమ్మం దాకా తేవడం ఒకటి, గుమ్మం చేరేసరికి తల్లిని బలంగా ఉంచడం ఇంకొకటి. రెండోది ఇళ్లలో, వంటగదుల్లో, పెళ్లి చూపుల్లో తేలేది. మేనరికం సంగతీ అంతే. రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు ఇప్పటికీ దగ్గరి చుట్టరికంలోనే. పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు ఆ ఇళ్లలో ఎక్కువని తెలిసినా ‘మన పిల్ల మన ఇంట్లోనే’ అన్న మాట ముందు ఆ తెలివిడి నిలవడం లేదు.

మన ఆచారం ఒకటి కార్డుకు శత్రువైంది. తొలి పురుడు పుట్టింట. సీమంతం అయ్యాక కూతుర్ని తీసుకెళ్లిపోతారు. ప్రేమతో చేసే పనే, నేను తప్పుపట్టను. కానీ ఇక్కడ ఆరు నెలలు చూసిన డాక్టరు, ఇక్కడ తీసిన స్కానింగు, ఇక్కడ ఒకసారి పెరిగి తగ్గిన బీపీ ఆ బస్సెక్కవు. అక్కడ కొత్త డాక్టరుకు ఆమె నిన్న గర్భం దాల్చినంత కొత్త. ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో, ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు పనికి ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలదీ అదే గోస. చీరలతోపాటు కార్డునూ పెట్టెలో పెట్టండి. స్కానింగు రిపోర్టు, రక్తపు గ్రూపు చీటీ కూడా. తల్లి రక్తం నెగెటివ్ అయి బిడ్డది పాజిటివ్ అయినప్పుడు సకాలంలో యాంటీ-డి ఇంజెక్షన్ పడకపోతే, ముప్పు తర్వాతి బిడ్డకు. ఆ బిడ్డ ఎందుకు పోయాడో ఇంటిల్లిపాదికీ ఎన్నటికీ తెలియకపోవచ్చు.

మా అమ్మ కథలోని బీపీ దగ్గరికి వస్తాను. ఇరవై వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది గుర్రపువాతానికి ముందు మెట్టు. మాయకు రక్తం సరిగా అందదు. బిడ్డ ఎదగడం మానేస్తుంది, ఒక్కోసారి ఊపిరాడక లోపలే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి కావలసిందల్లా ఒక బీపీ పట్టీ, ఒక మూత్రపరీక్ష. వచ్చే అవకాశం ఎక్కువున్న తల్లులకు డాక్టర్లు మూడో నెల దాటాక చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తున్నారు. ముదిరితే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్. అది కొట్టుకోవడాన్ని సగానికి సగం తగ్గిస్తుందని 2002లో ‘మ్యాగ్‌పై’ అనే పెద్ద పరిశోధన తేల్చింది. అదేమంత ఖరీదైన మందు కాదు. తలపోటు, చూపు మసక, పైకడుపులో నొప్పి, ముఖం ఉబ్బు. ఈ నాలుగింటిలో ఏదొచ్చినా ‘మామూలే’ అనే మాట నోట రాకూడదు.

బిడ్డ కదలికలూ అంతే. ‘నిన్నట్నుంచి తన్నట్లేదు’ అని కోడలు అంటే, ‘నెలలు నిండాయిగా, చోటు లేక’ అని సర్దిచెప్పడం మన ఇళ్లలో అలవాటు. చోటు తగ్గినా కదలిక తగ్గకూడదు. తగ్గిందంటే లోపలి నుంచి బిడ్డ చెబుతున్న కబురు అది. ఆ పూటే వెళ్లాలి.

ముహూర్తం పెట్టి కోసే కాన్పు

ఇది రాయడానికి కొంచెం సంకోచించాను, ఎందుకంటే మా ఇంట్లోనూ జరిగింది. అమావాస్య రాకముందే, మంచి నక్షత్రంలో, ఫలానా గంటా ఇన్ని నిమిషాలకు బిడ్డ బయటికి రావాలని పంతులుగారి చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే కుటుంబాలు విశాఖలో ఎన్నో. రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో సగానికి పైగా. అవసరమైన సిజేరియన్ ప్రాణదాత, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అవసరం లేకుండా 37వ వారంలో, ఇంకా ముందు, ముహూర్తం కోసం కోసినప్పుడే గొడవ. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే. సహజంగా నొప్పులు మొదలైతే బిడ్డ ఒంట్లో కొన్ని మార్పులొచ్చి ఆ నీరు ఇంకడం మొదలవుతుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా బయటికి తీసిన బిడ్డకు ఆ అవకాశం ఉండదు. గస పెడుతుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది, మూలుగుతుంది. ‘బాక్సులో పెట్టారు’ అన్న కబురు అప్పుడు వస్తుంది. చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు. కొందరు తేరుకోరు.

మంచి గడియ కోసం చూసే తాతయ్యలకు, మామ్మలకు నేను చెప్పేది ఒకటే. 39 వారాలు నిండిన తర్వాత వచ్చే గడియల్లో వెతకండి.

అనుకోకుండా ముందే నొప్పులొచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లకోసం ఒక ఉపాయం న్యూజిలాండ్‌లో గొర్రెల దగ్గర దొరికింది. గ్రాహం లిగిన్స్ అనే వైద్యుడు నెలలు నిండని గొర్రెపిల్లలు స్టెరాయిడ్ ప్రభావంతో ఊపిరి పీల్చుకోవడం గమనించి, రాస్ హౌవీతో కలిసి తల్లుల మీద ప్రయోగించి 1972లో ఫలితాలు ప్రచురించాడు. బిడ్డ పుట్టడానికి ముందు తల్లికి ఇచ్చే ఆ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తుంది. చవకైన డెక్సామెథాసోన్. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు. కానీ పని చేయాలంటే కాన్పుకు కొన్ని గంటల ముందైనా పడాలి. అందుకే ఏడో నెలలో నొప్పి వస్తే ‘చూద్దాంలే, సర్దుకుంటుంది’ అని రాత్రంతా ఇంట్లో ఉండిపోవడం బిడ్డకు చేటు.

వాకిట్లో నల్లధూళి

పాతనగరంలో, జ్ఞానాపురంలో పొద్దున్నే వాకిలి తుడిచిన గుడ్డ పిండితే నల్లటి నీళ్లు కారతాయి. పోర్టు బొగ్గు గుట్టల ధూళి. కిటికీ అంచుల మీద, ఆరేసిన తెల్ల బట్టల మీద, మంచినీళ్ల బిందె మూత మీద. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాలని గుర్తించిన 43 పారిశ్రామిక వాడల్లో విశాఖ ఉంది. గాలి చెడితే దగ్గు, ఆయాసం అని మనకు తెలుసు. చూలాలు పీల్చే సన్నని ధూళి నెలలు నిండని కాన్పుకూ, తక్కువ బరువు బిడ్డకూ కారణమవుతుందన్నది అంతగా చర్చకు రాలేదు. 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్’ నివేదిక 2019లో ప్రపంచంలో దాదాపు 5 లక్షల మంది నెలలోపు పిల్లల మరణాలకు గాలి కాలుష్యం కారణమని, వారిలో 1.16 లక్షల మంది భారత్‌లోనే అని అంచనా వేసింది. అందులో పెద్ద వాటా ఇంటి పొయ్యి పొగదే. ఏజెన్సీ గుడిసెలో కట్టెల పొయ్యి, ఊళ్లో బొగ్గు ధూళి. ఫలానా బిడ్డ ఈ ధూళి వల్లే పోయిందని ఏ డాక్టరూ రాసివ్వలేడు. అందుకే దీనికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఏడ్చిందా?

లేబర్ రూమ్ బయట నిలబడ్డవాళ్లు మగబిడ్డా ఆడబిడ్డా అని అడిగేలోపు లోపల అడిగే మాట ఒకటుంది. ‘ఏడ్చిందా?’ ఓడకు నడిసముద్రంలో కంటే మొగలోనే గండం ఎక్కువని నాన్న అనేవారు. అందుకే పైలట్ ముందే ఎదురెళ్లి ఓడెక్కుతాడు, టగ్గులు చెరో పక్కా సిద్ధంగా ఉంటాయి. తొమ్మిది నెలల ప్రయాణంలో బిడ్డకు ఆ మొగ పుట్టిన మొదటి నిమిషం.

పది మందిలో సుమారు తొమ్మిది మంది తమంతట తామే ఏడుస్తారు. పదో బిడ్డకు సాయం కావాలి. ఒళ్లు పొడిగా తుడిచి వీపు రాస్తే చాలామంది ఊపిరి అందుకుంటారు. అందుకోకపోతే బ్యాగు, మాస్కు. గుప్పిట్లో పట్టే రబ్బరు బుడగ, ముక్కూ నోరూ కప్పే చిన్న మాస్కు. నిమిషంలోపు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. దీన్ని నర్సులకూ ఏఎన్ఎంలకూ నేర్పడానికి దేశంలో 2009లో శిక్షణ కార్యక్రమం మొదలైంది. నేర్చుకున్న చెయ్యి రాత్రి రెండు గంటలకు కాన్పు గదిలో ఉందా, బ్యాగు బీరువాలో తాళం లోపల ఉందా, బల్ల మీద ఉందా? బిడ్డ బతుకు ఇక్కడ తేలుతుంది. వేళ్లతో బుడగ నొక్కుతూ ‘ఒకటి, రెండు, మూడు’ అని మెల్లగా లెక్కపెట్టే నర్సు గొంతు ఒకసారి విన్నాను. గదిలో ఇంకే చప్పుడూ లేదు. ఇరవై లెక్కలు దాటాక పిల్లి కూనలా ఒక మూలుగు. ఆ నర్సు నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని తర్వాతి పని చూసుకుంది.

‘ఉమ్మనీరు తాగేసింది’ అని మనం అనే మాట వెనక ఉన్నదీ ఇదే. లోపల ఊపిరాడక బిడ్డ ఉమ్మనీటిలోనే మలవిసర్జన చేసి, దాన్ని పీల్చుకుంటుంది. నొప్పులు సాగుతున్నంతసేపూ బిడ్డ గుండె చప్పుడు క్రమం తప్పకుండా వింటూ ఉంటే ఆ ఊపిరాడనితనం ముందే తెలుస్తుంది. ఎప్పుడు విన్నారు, ఎంత ఉంది అన్నది కేసు షీటులో గడులు గడులుగా రాయాలి. ఖాళీ గడులు ఉన్న షీటు చూసినప్పుడల్లా నాకు గుబులు.

రొమ్ము మీది వెచ్చదనం

విశాఖ ఉక్కపోతలో బిడ్డకు చలేమిటని అనిపిస్తుంది. తడి ఒంటితో పుట్టిన బిడ్డ ఏసీ గదిలో, ఫ్యాను గాలిలో నిమిషాల్లో చల్లబడిపోతుంది. అరకు, లంబసింగి చలిరాత్రుల సంగతి చెప్పక్కర్లేదు. పుట్టిన రోజే స్నానం చేయించడం ఆ చల్లదనానికి తోడు. ఒక రోజైనా ఆగమంటున్నారు.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలను పెడితే అంటురోగాలు ప్రబలి చనిపోతుంటే, ఎడ్గార్ రే అనే పిల్లల వైద్యుడు బిడ్డలను తల్లుల రొమ్ము మీద బట్టలు లేకుండా ఆనించి కట్టించాడు. కంగారూ పద్ధతి అన్నారు. పేదవాడి ఇంక్యుబేటరని చాలాకాలం చిన్నచూపు చూశారు. 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో జరిగిన పరిశోధనలో తేలిందేమిటంటే, రెండు కిలోలకు బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను బాక్సులో స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టగానే రొమ్ముకు ఆనిస్తే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లికి ఓపిక లేకపోతే తండ్రి, అమ్మమ్మ ఎవరైనా ఆనించుకోవచ్చు. పురిటి మైల అని తండ్రిని గుమ్మం బయట నిలబెట్టే మన ఇళ్లలో, చొక్కా విప్పి కూతుర్ని గుండెల మీద పడుకోబెట్టుకున్న ఒక వెల్డరును చూశాను. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. కదిలితే లేస్తుందేమోనని ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు.

ఇంటికి తెచ్చాక మిగిలే ముప్పు అంటురోగాలది. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించడం, ఆముదం పోయడం, గాడిద పాలు పట్టడం, బొడ్డుకు బూడిద రాయడం. వీటిలో ఏదీ వద్దు. తల్లిపాలు తప్ప నోట్లో ఏదీ పోయొద్దు. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి అరవైసార్లో ఇంకా ఎక్కువో గసపెట్టినా, అరికాళ్లు పట్టుకుంటే చల్లగా తగిలినా, అరచేతుల దాకా పచ్చబడినా ఆగకూడదు. వీటిని పట్టుకోవడం పల్లెటూరి ఆడవాళ్లకు నేర్పవచ్చని నిరూపించింది మన తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపితే నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రపంచానికి చూపించారు. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్తున్నది ఆ బాటలోనే. ఆసుపత్రి కాన్పయితే మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు.

మన రాష్ట్రం ఒక్కసారి గెలిచి చూపించింది కూడా. పురిటి బిడ్డలను విల్లులా వంచి చంపిన ధనుర్వాతాన్ని దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ముందు, 2003లో, అదుపు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తల్లికి టీకా, కొత్త బ్లేడు, శుభ్రమైన బొడ్డు. అంతే. మరో ప్రభుత్వ లెక్క ప్రకారం కేరళలో 2020లో ఏడాదిలోపు మరణాలు వెయ్యికి 6, మనకు 24. వాళ్ల పిల్లలకూ మన పిల్లలకూ పుట్టుకలో తేడా ఏముంది?

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు కూడా పేర్లున్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటి వేడి ఎంతో, ఎప్పుడు తేడా వచ్చిందో పుస్తకంలో రాసి ఉంటుంది. ఏ చిన్న లోపం వచ్చినా ఇంజినీర్లు కూర్చుని ఎందుకొచ్చిందో తేల్చేదాకా లేవరు. చనిపోయి పుట్టిన బిడ్డను నమోదు చేయాలని 1969 చట్టం చెబుతోంది. పసిబిడ్డ ఏ కారణంతో పోయిందో విచారించాలని 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రతి ఒక్క బిడ్డ విషయంలో అది జరగాలి. నింద మోపడానికి వద్దు. ఏ గడి ఖాళీగా ఉండిపోయింది, ఏ బండి ఎక్కడ ఆగింది, ఏ మాట ఎవరు వినలేదు అని తెలుసుకోవడానికి కావాలి. ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మంది చనిపోయి పుడుతున్నారు. మా అమ్మ తొలి బిడ్డ ఏ లెక్కలోనూ లేదు.

గాజువాక అమ్మాయికి మాత్రలు చాలక ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించారు. హిమోగ్లోబిన్ పదికి వచ్చింది. తొమ్మిదో నెలలో కాన్పు, ఆడపిల్ల, 2 కిలోల 100 గ్రాములు. ఏడవడానికి కొంచెం ఆలస్యం చేసిందట, తుడిచి వీపు రాస్తే అందుకుంది. ఇరవై ఒకటో రోజున ఆశాతో కలిసి వెళ్లాను. ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని, సంచీలోంచి స్ప్రింగు కాటా తీసి, గుడ్డ ఉయ్యాలలో పిల్లను పెట్టి పైకెత్తింది. ముల్లు ఊగి ఊగి 2 కిలోల 400 దగ్గర ఆగింది. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, దొడ్డికి ఇంకా నల్లగానే అవుతాందని నవ్వుతూ కోడలి తరఫున చెప్పింది. బారసాల మర్నాడట, మంచిరోజు కాదని ఒక రోజు జరిపారు. రిజిస్టరులో పిల్ల పేరుండాల్సిన చోట ‘బేబీ ఆఫ్’ అనే ఉంది. ఆశా ఆ వరుస కింద పెన్సిలుతో చిన్న గీత గీసుకుంది.

“రేపు సాయంత్రం మళ్లీ ఇటే వస్తాను. పేరు అప్పుడు రాసుకుంతాను” అంది.